టవర్ కట్టిన పద్ధతి వెలిగొండకు ఎందుకు రాలేదు?

మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా 2025 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. కలెక్టరాఫీసులో ఒక్క సంతకం కోసం గిద్దలూరు రైతు వంద కిలోమీటర్లు దాటి ఒంగోలు వెళ్లే అవస్థ దీంతో తీరుతుంది. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం ప్రాంతాలకు ఇది చిన్న మేలేమీ కాదు. అయితే కొత్త జిల్లా అనగానే కోరికల చిట్టా కూడా పుడుతుంది. అందులో ఐటీ పార్కు తప్పకుండా ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో రాళ్లగుట్టల మధ్య ఒక్క సైబర్ టవర్స్ కట్టి మాదాపూర్ తలరాత మార్చలేదా, అలాంటిది మనకూ ఒకటి కడితే ఏం పోయింది అన్న వాదన తెలుగునాట పాతికేళ్లుగా వినపడుతూనే ఉంది. దాన్ని ఊరికే కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఆ భవనం చరిత్రను మొదటి నుంచి చదివితే తేలే సంగతి వేరు. మాదాపూర్‌ను మార్చిన ఘనత పది అంతస్తుల కట్టడానికి ఒక్కదానికే దక్కదు. అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచి ప్రభుత్వాలు వేస్తూ వచ్చిన పునాది ఒకటి, ఆఖరున ఆ పనిని గడువు పెట్టి పూర్తిచేసిన పద్ధతి ఒకటి, రెండూ కలిసి వచ్చాయి. కొత్త జిల్లాగా మారిన ఈ పశ్చిమ ప్రకాశానికి ఈ రెండూ అందలేదు. కొత్త జిల్లా అడగాల్సింది వాటినే.

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. చంద్రబాబు నాయుడు అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఎల్ అండ్ టీ సంస్థ ఆ భవనాన్ని 14 నెలల్లో పూర్తిచేసింది. దాని నమూనా ఇప్పటికీ చూడగానే గుర్తుపట్టేలా ఉంటుంది. నాలుగు వంపు భాగాలు గుండ్రంగా చేరి నిలబడతాయి, నడుమ ఖాళీ ఆవరణ, అందులో ఫౌంటెన్. లోపలి ఆఫీసుల చిరునామాలు కూడా ఆ నమూనా ప్రకారమే ఉంటాయి. ‘6క్యూ3’ అంటే ఆరో అంతస్తు, మూడో భాగం. ప్రారంభించేనాటికి చుట్టుపక్కల చెప్పుకోదగ్గవి దుర్గం చెరువు, 1992లో తెరిచిన శిల్పారామం, బండరాళ్లు, పొలాలు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ వచ్చి హైటెక్ సిటీలో ప్రసంగించడంతో ఆ భవనం బొమ్మ తెలుగువారి పాఠ్యపుస్తకాల దాకా పాకింది. దాని ఘనత ఎవరిదన్న వాగ్వాదమూ అప్పటినుంచే ఉంది. నేదురుమల్లి జనార్దన రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే మాదాపూర్‌లో ఐటీ పార్కుకు రాయి పడిందని కాంగ్రెస్ వాళ్లు అంటారు, కట్టి చూపింది మేమేనని తెలుగుదేశం వాళ్లు అంటారు. ఎన్నికల సభల్లో ఈ తగువు రక్తి కట్టవచ్చు గానీ దీనివల్ల అసలు ప్రశ్న మరుగున పడుతోంది. ఆ రాయి అక్కడే ఎందుకు పడింది, పడ్డ రాయి మీద భవనం అంత త్వరగా ఎలా లేచింది?

ముందు మొదటి సగం చూద్దాం. టవర్ రాకముందే హైదరాబాద్‌లో చదువుకున్న ఇంజినీర్ల సంత సిద్ధంగా ఉంది. 1960లలోనే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, నగరానికి మరో కొసన ఈసీఐఎల్, రక్షణ పరిశోధన సంస్థలు వచ్చాయి. ఈసీఐఎల్ 1967లో పుట్టింది, కంప్యూటర్లు తయారు చేసింది. ఇక్రిశాట్ 1972లో వచ్చింది. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది, అదీ జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా. అంటే కోస్తా, రాయలసీమ జనం వీధికెక్కిన పోరాటం తాలూకు ఫలితమొకటి, పాతికేళ్ల తర్వాత హైటెక్ సిటీకి పక్కింటి విశ్వవిద్యాలయమై కూర్చుంది. సాఫ్ట్‌వేర్ ఎగుమతులకు కేంద్రం 1991లో టెక్నాలజీ పార్కుల పథకం పెట్టి పన్ను మినహాయింపులు, ఉపగ్రహ లింకులు ఇచ్చింది. సత్యం కంప్యూటర్స్ 1987లోనే మొదలైంది. ఇంజినీరింగ్ కాలేజీలు జిల్లా జిల్లాకూ పుట్టుకొస్తున్నాయి. ట్రిపుల్ ఐటీ తలుపులు తెరిచింది కూడా 1998లోనే. ఇవన్నీ పన్నులు కట్టిన జనం సొమ్ముతోనో, సర్కారు ఇచ్చిన రాయితీతోనో నిలబడ్డవి. మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్‌ను ఇక్కడ పెట్టిందంటే అద్దాల గోడలు చూసి కాదు, ఆ గోడల లోపల కూర్చోబెట్టడానికి మనుషులు దొరుకుతారని నమ్మి.

రెండో సగం పద్ధతి. హైటెక్ సిటీ కోసం ప్రభుత్వం ఎల్ అండ్ టీ ఇన్ఫోసిటీ అనే ఉమ్మడి సంస్థను నిలబెట్టింది. అందులో ఎల్ అండ్ టీ వాటా 89 శాతం, ప్రభుత్వ పక్షాన ఏపీఐఐసీ వాటా 11 శాతం. భూమి ప్రభుత్వానిది, కట్టే బాధ్యత, పెట్టుబడి ఎక్కువ భాగం ప్రైవేటు సంస్థది. పని ఎవరిదో తెలుసు, గడువు ఎంతో తెలుసు. ఆలస్యమైతే అద్దెలు రావు గనక నష్టం ఎవరికో కూడా తెలుసు. ముఖ్యమంత్రి స్వయంగా వెంటపడ్డారు. కరెంటు, రోడ్డు, టెలికాం లైన్లు ఫైళ్లలో నలగకుండా కదిలాయి. ఆ తర్వాత కూడా సర్కారు ఆ శివారును వదిలేయలేదు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, 2003లో ఎంఎంటీఎస్ రైలు, సైబరాబాద్ పోలీసు కమిషనరేట్, 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఔటర్ రింగు రోడ్డు, 2019లో హైటెక్ సిటీ దాకా మెట్రో వచ్చాయి. ఇందులో తెలుగుదేశం, కాంగ్రెస్, టీఆర్ఎస్ ప్రభుత్వాలన్నింటి చేతులూ ఉన్నాయి. ప్రభుత్వం మారినా పని ఆగకపోవడమే మాదాపూర్ అదృష్టం.

పునాది లేకుండా భవనం ఒక్కటే కడితే ఏమవుతుందో చూపడానికి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. గన్నవరం విమానాశ్రయం పక్కన కేసరపల్లిలో అదే ఎల్ అండ్ టీ, అదే ఏపీఐఐసీ కలిసి మరో హైటెక్ సిటీ తలపెట్టాయి. మేధ టవర్స్ లేచింది. జాతీయ రహదారి గుమ్మం ముందే ఉంది, విమానాశ్రయం కూతవేటు దూరం, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు. అయినా ఆ టవర్‌లో చాలా భాగం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. రాష్ట్రం విడిపోయి, ప్రభుత్వం వెంటపడి ప్రోత్సాహకాలు ఇచ్చాకే కంపెనీల రాక కాస్త ఊపందుకుంది. కట్టినవాళ్లు అసమర్థులు కారు, స్థలం చెడ్డది కాదు. పెద్ద కంపెనీలు, అనుభవజ్ఞులైన మేనేజర్లు, ఉద్యోగం మారాలంటే పక్క వీధిలో మరో ఆఫీసు అన్న భరోసా అక్కడ లేవు. కృష్ణా డెల్టా నడిబొడ్డునే ఇలా జరిగినప్పుడు నల్లమల అంచున జరగదని ఏ ధైర్యంతో అనుకోవాలి? మార్కాపురంలో ముందుగా ఐటీ టవర్ కట్టడం నేల విడిచి సాము చేయడమే.

పశ్చిమ ప్రకాశానికి నేల అంటే ముందు నీరు. కనిగిరి, పొదిలి, మార్కాపురం మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన, ఎముకలు వంగిన తరాలు ఉన్నాయి. వేసవి వస్తే ట్యాంకర్ల కోసం బిందెలు బారులు తీరతాయి. కంది, పత్తి, మిర్చి, పొగాకు వేసిన రైతు వందల అడుగుల లోతుకు బోరు వేసి, అది ఎండిపోతే ఇంకొకటి వేసి అప్పులపాలవుతున్నాడు. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు తప్ప ఈ ప్రాంతానికి చెప్పుకోదగ్గ పెద్ద నీటి వనరు లేదు. అందుకే కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య శ్రీశైలం నీళ్లను కొండ తొలిచి ఇవతలికి తేవాలని పోరాడారు, ఆయన పేరే ఆ వెలిగొండ ప్రాజెక్టుకు పెట్టారు. దానికి శంకుస్థాపన జరిగింది 1996 మార్చిలో, గొట్టిపడియ దగ్గర. చేసింది చంద్రబాబు నాయుడే. అంటే సైబర్ టవర్స్ పని మొదలవడానికి ఏడాదికి పైగా ముందే వెలిగొండకు రాయి పడింది. ప్రభుత్వం ఒకటే, ముఖ్యమంత్రి ఒక్కరే, ఖజానా ఒకటే. టవర్ 1998లో తెరుచుకుంది. వెలిగొండ మొదటి సొరంగం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. 2024 మార్చిలో ప్రాజెక్టును జాతికి అంకితం చేసిన రోజుకు కూడా ముంపు గ్రామాల పునరావాసం తేలలేదు, ఫీడర్ కాలువ పని మిగిలే ఉంది, పొలానికి చుక్క నీరు పారలేదు.

ఆఫీసు భవనాన్ని, కొండ తొలిచే సొరంగాన్ని ఒకే కొలబద్దతో కొలవడం న్యాయం కాదని ఇంజినీర్లు అనవచ్చు. ఆ మాటలో నిజముంది. కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద దాదాపు 18.8 కిలోమీటర్ల చొప్పున సాగే రెండు సొరంగాలవి. ఒకటి 3 వేల క్యూసెక్కులకు, రెండోది సుమారు 8,500 క్యూసెక్కులకు. పైన పులుల అభయారణ్యం, లోపల గట్టి రాయి, మధ్యలో మొరాయించిన యంత్రాలు. వరద రోజుల్లో 43.5 టీఎంసీలు తెచ్చి నల్లమల సాగర్ జలాశయం నింపాలి, 4.47 లక్షల ఎకరాలకు నీరు, 15 లక్షల మందికి పైగా తాగునీరు ఇవ్వాలి. ఇంత పని 14 నెలల్లో కావాలని ఎవరూ అడగరు. కానీ ఇంజినీరింగ్ కష్టంతో ఎన్నేళ్లు పోయాయి, నిర్లక్ష్యంతో ఎన్నేళ్లు పోయాయి అన్న లెక్క వేరుగా వేయాలి. 1996లో రాయి వేశాక ఏళ్ల తరబడి కదలిక లేకపోవడానికి కొండ కారణం కాదు. 2004 తర్వాత జలయజ్ఞం అనే సాగునీటి కార్యక్రమంలో చేర్చాకే పని పట్టాలెక్కింది. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వంటి ఊళ్ల వారికి పరిహారం ఇచ్చి ఇళ్లు కట్టివ్వడానికి సొరంగం తవ్వే యంత్రం అక్కర్లేదు, డబ్బు విడుదల చేసే ఉత్తర్వు చాలు. అదే ఆఖరుదాకా మిగిలిపోయింది. నీటి వాటా పేచీ వల్లే ఆలస్యమంటే అదీ పూర్తిగా నిలవదు. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో కొనసాగించాల్సిన ప్రాజెక్టుల సరసన వెలిగొండ పేరు ఉంది. ఈ ముప్పై ఏళ్లలో పాలించిన ప్రతి పార్టీకీ ఈ ఆలస్యంలో వాటా ఉంది.

మరో ఆక్షేపణ ఇంకాస్త సూటిగా వస్తుంది. హైదరాబాద్ బాగుపడితే పశ్చిమ ప్రకాశం బాగుపడలేదా అని. గిద్దలూరు, మార్కాపురం పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివి మాదాపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, ఇంటికి డబ్బు పంపుతున్నారు, ఊళ్లో మేడలు లేస్తున్నాయి. నిజమే, ఆ మేలును తక్కువ చేయనక్కర్లేదు. అయితే టవర్లలో కీబోర్డు ముందు కూర్చున్నవాళ్లతో పాటు ఆ టవర్లకు సిమెంటు మోసినవాళ్లూ ఈ కరువు మండలాల నుంచి వెళ్లారు, వాళ్లకు మాదాపూర్ ఇచ్చింది రోజు కూలీ, తాత్కాలిక గుడిసె. ఒకేచోట పోగైన సంపద ఎక్కువగా ఆ చోటి భూమికే చేరుతుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం రూ.100 కోట్లు దాటి పలికింది. 2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు రూ.2.41 లక్షల కోట్లు, ఐటీ ఉద్యోగులు 9 లక్షల పైచిలుకు. ఆ పునాదిలో ఉమ్మడి రాష్ట్రం మొత్తం పన్నులున్నాయి. టవర్ తెరిచిన పదహారో ఏట రాష్ట్రం విడిపోగానే ఆ ఆదాయం మీద ఆంధ్రప్రదేశ్‌కు హక్కు పోయింది. తెలంగాణ తన నగరాన్ని తాను పెంచుకోవడంలో తప్పేమీ లేదు. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టిన పాలకులదే తప్పు. అమరావతి, విశాఖ పేర్లతో అదే మళ్లీ జరిగితే కనిగిరికి, గిద్దలూరుకు మిగిలేది రాత్రి బస్సు టికెట్టే.

సైబర్ టవర్స్ పేరు చెప్పి ఇంకొందరు మరో పాఠం చెబుతారు. ప్రైవేటు భాగస్వామ్యమే మంత్రం, అన్నీ అలాగే చేస్తే పోలా అంటారు. తొలి దశలో పీపీపీ పద్ధతికి అప్పగించాలని ప్రభుత్వం ఎంచుకున్న వైద్య కళాశాలల్లో మార్కాపురం కూడా ఉంది గనక ఈ ప్రాంతానికి ఇది పుస్తకాల చర్చ కాదు. మాదాపూర్‌లో ఆ పద్ధతి నెగ్గడానికి కారణం సులువైనది. ఆఫీసు అద్దెకు తీసుకునేది డాలర్లలో సంపాదించే కంపెనీ, నెలనెలా అద్దె కట్టగలదు, పెట్టిన పెట్టుబడి తిరిగొస్తుంది. ఫ్లోరైడ్ పల్లెలో తాగునీరు అందుకునే కుటుంబం అలా కట్టలేదు. పెద్దదోర్నాల చెంచు గూడెం నుంచి ప్రసవానికి వచ్చే తల్లి అసలు కట్టలేదు. అద్దె రాని చోట ప్రైవేటు భాగస్వామి వచ్చినా ఖర్చు తగ్గించుకోవడానికే చూస్తాడు, ఆ కోత పేదవాడి మీదే పడుతుంది. కాబట్టి సైబర్ టవర్స్ నుంచి తీసుకోవాల్సింది వాటాల లెక్క కాదు. పనికి ఒకే యజమాని, ముందే ప్రకటించిన గడువు, ఆలస్యానికి జవాబుదారీ, ముఖ్యమంత్రి స్థాయిలో నెలవారీ పర్యవేక్షణ అన్న నాలుగు సూత్రాలు. వాటిని పూర్తి సర్కారు సొమ్ముతో చేసే పనికీ వర్తింపజేయవచ్చు. ఏ చట్టమూ అడ్డు రాదు.

నీళ్లు వచ్చేదాకా యువకులు చేతులు ముడుచుకు కూర్చోవాలా అన్నది న్యాయమైన ప్రశ్న. అక్కర్లేదు. ఇంటి నుంచి పని చేసే అలవాటు కరోనా తర్వాత స్థిరపడింది. మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఉన్న ఒక ప్రభుత్వ భవనంలో ఓ అంతస్తు బాగుచేసి, నమ్మకమైన ఇంటర్నెట్, కరెంటు పోకుండా జనరేటర్ ఇస్తే వంద మంది కూర్చుని పని చేసుకోవచ్చు. దానికి టవర్ అక్కర్లేదు, శిలాఫలకమూ అక్కర్లేదు. అది నిండితే రెండో అంతస్తు అడుగుదాం. ఇక్కడి సొంత పరిశ్రమను కూడా మరిచిపోకూడదు. దేశమంతటి బడిపిల్లల చేతుల్లో అక్షరాలు దిద్దించిన పలక మార్కాపురానిది. గనిలో తీసిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, కర్ర చట్రం బిగించే చేతిపనితో ఇక్కడ తరాలు బతికాయి. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. గోడలకు, నేలకు వేసే రంగు రాయిగా అదే సరుకు విదేశాలకూ వెళ్లింది. రాతి దుమ్ము నుంచి కూలీల ఊపిరితిత్తులను కాపాడే యంత్రాలు, ఉమ్మడి పాలిషింగ్ కేంద్రం, సరుకు రవాణాకు గుంటూరు-గుంతకల్ రైల్వే లైను డబ్లింగ్ త్వరగా పూర్తి కావడం ఇక్కడి ఉపాధికి నేరుగా పనికొస్తాయి. ఇవేవీ పత్రికల మొదటి పేజీకి ఎక్కవు, పునాదుల స్వభావమే అంత. బీహెచ్ఈఎల్ షెడ్డు లేస్తున్నప్పుడు కూడా అది ఒకనాటి హైటెక్ సిటీకి తొలి ఇటుక అని ఎవరూ అనుకుని ఉండరు.

ప్రతీకకు విలువ లేదా అంటే ఉంది. గుండ్రటి ఆ భవనం లేకపోతే ప్రపంచం హైదరాబాద్ వైపు అంత త్వరగా చూసేది కాదేమో. కానీ ప్రతీక పని చేసింది దాని వెనుక సరుకు ఉండబట్టి. పశ్చిమ ప్రకాశం వెనుక ఇంకా సరుకు చేరలేదు. పైగా రాష్ట్రాన్ని టెక్నాలజీ వైపు నడిపించారన్న పేరు తెచ్చుకున్న ప్రభుత్వమే 2004లో ఓడిపోయింది. ఆ ఓటమికి పల్లెల్లో కరువు, రైతుల కష్టాలు పెద్ద కారణమని అప్పట్లో చాలామంది అన్నారు. మెరిసే శివారు ఒకటుంటే చాలదని, ఎండిన మండలాలు ఓటు వేస్తాయని పాలకులు అనుభవంతో నేర్చుకున్న పాఠమది.

కాబట్టి కొత్త జిల్లా ప్రజాప్రతినిధులు ముఖ్యమంత్రి ముందు పెట్టాల్సిన మొదటి అర్జీ టవర్ కోసం కాకూడదు. వెలిగొండకు మిగిలిన పనులన్నింటికీ ఒకే బాధ్యుడిని నియమించమనండి. ముంపు కుటుంబాల పరిహారం, ఫీడర్ కాలువ, పంట కాలువలు ఒక్కొక్కటి ఏ నెలలో పూర్తవుతాయో మార్కాపురం కలెక్టరాఫీసు గోడ మీద రాయించమనండి. ప్రతి నెలా జరిగిన పని, ఖర్చయిన సొమ్ము దాని పక్కనే పెట్టమనండి. వైద్య కళాశాలకు, పలకల పరిశ్రమకు, రైల్వే లైనుకు అదే పద్ధతి అడగండి. 1998లో ఒక శివారు భవనం కోసం ఈ రాష్ట్రం అలా పని చేయగలిగింది, తెలియని విద్యేమీ కాదు. ఏ పార్టీ నాయకుడు ఊళ్లోకి వచ్చినా ఓటరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. నీళ్లు ఏ నెలలో వస్తాయి? తేదీ చెప్పలేని హామీని పశ్చిమ ప్రకాశం ఇక ఒప్పుకోకూడదు.